నీటి ముల్లు చెప్పని వేడి

డ్యాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు సరిగ్గా మధ్యలో ఉంటే కారు నడిపేవారికి ధైర్యం. మే నెల మిట్టమధ్యాహ్నం చెన్నై కత్తిపారా కూడలి దగ్గర ఏసీ వేసుకుని అరగంట నిలిచిపోయినా ఆ ముల్లు కదలదు. తెల్లవారుజామున చల్లగాలిలో మహాబలిపురం వెళ్తున్నా కదలదు. లోపల ఇంజిన్ వేడి మాత్రం మారుతూనే ఉంటుంది. కార్ల కంపెనీలు చాలాకాలంగా ఈ ముల్లును కావాలనే ఇలా కట్టేస్తున్నాయి. నీటి వేడి సుమారు 75 డిగ్రీల సెల్సియస్ నుంచి 105, 110 దాకా ఎటు మారినా ముల్లు ఒక్కచోటే ఉంటుంది. ముల్లు కాస్త ఊగినా కంగారుపడి సర్వీస్ సెంటర్‌కు వచ్చేవాళ్లను తగ్గించడం కోసం చేసిన ఏర్పాటిది. ఈ మధ్య వస్తున్న చిన్నకార్లలో కొన్నింటికి ఆ ముల్లు కూడా లేదు, నీలం లైటు, ఎర్ర లైటు మాత్రమే ఉంటాయి.

పైగా ఆ ముల్లు కొలిచేది రేడియేటర్‌లో తిరిగే కూలెంట్‌ను. ఇంజిన్‌లో లోహానికి లోహం తగలకుండా అడ్డుపడేది ఆయిల్. ఆ ఆయిల్ ఎంత వేడెక్కిందో చెప్పే మీటరు మన రోడ్ల మీది కార్లలో చాలావాటికి లేదు. పాత అంబాసిడర్‌లో ఆయిల్ ప్రెషర్ గేజ్ అయినా ఉండేది. ఇప్పుడు దాని స్థానంలో ఒక ఎర్ర లైటు ఉంది. అది వెలిగేసరికి సాధారణంగా బేరింగులు దెబ్బతినే ఉంటాయి. అందుకే చెన్నైలో కార్లంటే ప్రాణం పెట్టేవాళ్లు కొందరు జనరల్ ప్యాటర్స్ రోడ్డులో ఆయిల్ టెంపరేచర్ గేజ్ కొని విడిగా బిగించుకుంటారు. మంచి పనే. అయితే సరిగ్గా బిగించని గేజ్, గేజ్ లేకపోవడం కంటే ప్రమాదం. ఎందుకో తెలియాలంటే ముందు ఆయిల్ ఏం చేస్తుందో చూడాలి.

1880లలో లండన్‌లో మెకానికల్ ఇంజినీర్ల సంస్థ కోసం బోషాంప్ టవర్ అనే ఇంజినీరు రైలు ఇరుసుల బేరింగుల మీద పరీక్షలు చేస్తున్నాడు. ఆయిల్ పోయడానికి బేరింగు పైభాగాన ఒక రంధ్రం చేశాడు. ఇరుసు తిరగడం మొదలవగానే ఆయిల్ లోపలికి పోవడానికి బదులు ఆ రంధ్రంలోంచి పైకి పొంగింది. చెక్క బిరడా కొట్టి మూస్తే, లోపలి ఒత్తిడికి బిరడా బయటికి వచ్చేసింది. ఈసారి ప్రెషర్ గేజ్ బిగించాడు. చదరపు అంగుళానికి 200 పౌండ్లు దాటిపోయి, కొలవడానికి ఆ గేజే చాల్లేదు. తిరుగుతున్న ఇరుసు ఆయిల్‌ను తనతోపాటు ఇరుకు సందులోకి ఈడ్చుకెళ్తోందని, అక్కడ పుట్టే ఒత్తిడి ఎంతో బరువు మోస్తున్న బేరింగును పైకెత్తి ఆయిల్ పొర మీద తేలుస్తోందని అప్పుడు తెలిసింది. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీనికి గణిత సమీకరణం రాశాడు. ఈనాటికీ ప్రతి ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్టు బేరింగులను ఆ సమీకరణం ఆధారంగానే డిజైన్ చేస్తారు.

నడుస్తున్న ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్టు ఆయిల్ మీద తేలుతూ తిరుగుతుంది. పిస్టన్ల తోపు గట్టిగా పడే క్షణాన ఆ పొర మందం ఒకటి రెండు మైక్రాన్లకు దిగిపోతుంది. పొర నిలవడానికి మూడు కావాలి: తిరిగే వేగం, మోయగలిగేంత బరువు, ఆయిల్‌కు తగినంత చిక్కదనం. మొదటి రెండూ మన కాలి కింద ఉన్నాయి. మూడోదాన్ని వేడి నిర్ణయిస్తుంది.

వేడికి చిక్కదనం ఎంతగా మారుతుందో అంకెల్లో చూస్తే గాని నమ్మకం కుదరదు. మన దగ్గర డీజిల్ బండ్లలో విరివిగా వాడే 15డబ్ల్యూ-40 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర సుమారు 110 సెంటీస్టోకుల చిక్కదనంతో ఉంటుంది. 100 డిగ్రీలకు వచ్చేసరికి 14, 15కు పడిపోతుంది. 130కి అందులోనూ సగమే మిగులుతుంది. డబ్బా మీద ఉండే 40 అనే అంకె 100 డిగ్రీల దగ్గరి చిక్కదనానికి గుర్తు. ఆ వేడిలో 12.5 నుంచి 16.3 సెంటీస్టోకుల మధ్య ఉంటేనే దాన్ని 40 అంటారు. 9.3 నుంచి 12.5 మధ్య ఉంటే 30. అంటే 40 రకం పోయించుకుని 130 డిగ్రీల దాకా వేడెక్కించామంటే, బేరింగుకు అందేది 100 డిగ్రీల దగ్గరున్న 20 రకం ఆయిల్ పాటి పలుచనే. డబ్బా మీద అంకె కోసం గంటలకొద్దీ వాదించుకునేవాళ్లు ఆయిల్ వేడి సంగతి అడగకపోవడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

పలుచబడిన ఆయిల్ చల్లారితే మళ్లీ చిక్కబడుతుంది. కాని వేడి చేసే రెండో నష్టం తిరిగి రాదు. గాలిలోని ఆక్సిజన్‌తో ఆయిల్ కలిసి పాడయ్యే వేగం, వేడి పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ దాదాపు రెట్టింపవుతుంది. 100 దగ్గర పనిచేయాల్సిన ఆయిల్‌ను 130 దగ్గర నడిపితే ఎనిమిది రెట్ల వేగంతో ముసలిదవుతుందన్నమాట. మామూలు మినరల్ ఆయిల్ 120 దాటాక జాగ్రత్తపడాలి. మంచి సింథటిక్ ఆయిల్ 130 దాకా తట్టుకుంటుంది. ఆయిల్ గేజ్ ముల్లు 140 చూపిస్తే మాత్రం ఏ ఆయిలైనా యాక్సిలరేటర్ మీంచి కాలు తీయాల్సిందే.

మరి చెన్నైలో ఆయిల్ ఎక్కడ ఎక్కువ వేడెక్కుతుంది? 2003 మే 31న నుంగంబాక్కంలో 45 డిగ్రీలు నమోదైన ఊరిది. కాబట్టి ట్రాఫిక్‌లోనే అనుకుంటాం. గేజ్ బిగించుకున్నవారు మొదట ఆశ్చర్యపోయేది ఇక్కడే. అన్నాసాలైలో ఇరుక్కుపోయినప్పుడు నీరు వేడెక్కుతుంది, ఫ్యాను హోరెత్తుతుంది, అయినా ఆయిల్ 100కు అటూ ఇటూగా ఉంటుంది. ఆయిల్‌ను వేడిచేసేది ఎండ కంటే ఎక్కువగా ఇంజిన్ వేగం. బేరింగుల సందుల్లో ఆయిల్ పొరలు ఒకదానిమీద ఒకటి జారుతూ రాపిడితో వేడెక్కుతాయి. ఆ వేడి ఇంజిన్ తిరిగే వేగానికి దాదాపు వర్గంగా పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపైతే ఈ వేడి నాలుగింతలు. దీనికి తోడు పిస్టన్ల అడుగుభాగం నుంచి వేడిని లాక్కునేది కూడా ఆయిలే. సిగ్నల్ దగ్గర 800 ఆర్పీఎం మీద ఇవన్నీ తక్కువ.

అదే కారులో ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను వేసుకుని, వేసవి సెలవులకు నెల్లూరు బయల్దేరితే కథ వేరు. గుమ్మిడిపూండి, తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట దాటుతూ చిన్న పెట్రోలు ఇంజిన్ గంటల తరబడి 3000 ఆర్పీఎం పైన తిరుగుతుంది. నీటి ముల్లు మధ్యలోనే ఉంటుంది. ఆయిల్ నెమ్మదిగా నీటిని దాటి 110, 115కు చేరుతుంది. గేజ్ లేకపోతే ఈ సంగతి ఎవరికీ తెలియదు. టర్బో ఉన్న ఇంజిన్‌లో ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఎర్రగా కాగే టర్బో బేరింగుల్లోకీ ఇదే ఆయిల్ వెళ్లి రావాలి.

చల్లదనం వైపూ ఒక ఇబ్బంది ఉంది. నీరు ఐదు నిమిషాల్లో పూర్తి వేడికి వస్తే, ఆయిల్‌కు పది పదిహేను నిమిషాలు పడుతుంది. లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. అందులో కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి జారి ఆయిల్ చాంబర్‌లోకి చేరుతుంది. ఆయిల్ బాగా కాగితే ఆ తేమ ఎగిరిపోతుంది. మాంబళంలో ఇంటి నుంచి పిల్లల బడికి, బడి నుంచి ఇంటికి మాత్రమే తిరిగే కారులో ఆయిల్ ఎప్పుడూ అంతగా కాగదు. నవంబరు వానల్లో ఆయిల్ పోసే మూత విప్పితే లోపల లేత పసుపు రంగు నురగ పట్టి కనిపించేది అందుకే. కారు తక్కువ తిరిగింది కదా, ఆయిల్ మార్చక్కర్లేదనుకునేవారు ఒక్కసారి ఆ మూత విప్పి చూడాలి.

రేసుల్లో తిరిగేవారికి ఇదంతా కొత్త కాదు. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్, నెల్లూరు వెళ్లే దారిలో చోళవరం దగ్గర రెండో ప్రపంచ యుద్ధకాలపు ఎయిర్‌స్ట్రిప్ మీద దశాబ్దాలపాటు పందేలు నడిపింది. అంబాసిడర్లు, ఫియట్లు, ఈ ఊళ్లోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌ల వంటి ఇంటి కార్లు కూడా అక్కడ పరిగెత్తాయి. 1990లో బెంగళూరు రోడ్డు మీద ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల ట్రాక్ వచ్చింది. కొన్నేళ్లకు ఆ ఊళ్లోనే హ్యుందాయ్ ఫ్యాక్టరీ కట్టింది. ఇప్పటికీ ట్రాక్ డే పెట్టినప్పుడు మామూలు రోడ్డు కార్లను తీసుకెళ్లి అక్కడ తిప్పుతారు. ట్రాక్ మీద ఇంజిన్‌కు విశ్రాంతి ఉండదు. రోడ్డు మీద ఎన్నడూ 110 దాటని ఆయిల్ నాలుగైదు ల్యాపుల్లో 130 దాటేయగలదు. అలాంటి రోజున గేజ్ లేకుండా తిప్పడం కళ్లు మూసుకుని నడపడమే.

ఇక బిగింపు. గేజ్ అంటే రెండు భాగాలు: డ్యాష్‌బోర్డు దగ్గర 52 మిల్లీమీటర్ల డయల్, ఆయిల్‌లో మునిగే సెండర్. డయల్ ఎక్కడ పెట్టినా పనిచేస్తుంది. ఒక్కటే హెచ్చరిక: ముందు అద్దం పక్కనున్న స్తంభానికి బిగించే గొట్టం ఆకారపు హోల్డర్లు అందంగా ఉంటాయి గాని, కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న కార్లలో ఆ స్తంభం లోపలినుంచే బ్యాగు విచ్చుకుంటుంది. అక్కడ ఏదీ బిగించకూడదు.

అసలు ప్రశ్న సెండర్ ఎక్కడ పెట్టాలన్నది. చాంబర్ కింద డ్రెయిన్ నట్టు తీసి దాని స్థానంలో పెట్టొచ్చు. తేలిక, చవక. కాని అది కిందికి పొడుచుకు వస్తుంది. మన స్పీడ్ బ్రేకర్లు ఎప్పుడో ఒకప్పుడు దాన్ని పలకరిస్తాయి. వేళచ్చేరిలో మోకాలి లోతు నీళ్లలో వెళ్లినప్పుడు చల్లనీరు తగిలి తప్పుడు లెక్క చూపిస్తుంది. ఆయిల్ ప్రెషర్ స్విచ్ ఉన్నచోట టీ-జాయింటు పెట్టి సెండర్ తగిలించడం మరో పద్ధతి. ఒత్తిడి కొలవడానికి అది బాగానే ఉంటుంది. వేడికి పనికిరాదు, ఎందుకంటే ఆ మూలకు ఆయిల్ వెళ్లి ఆగిపోతుంది, పారదు. ఆగిన ఆయిల్ చల్లారి, అసలు కంటే బాగా తక్కువ చూపిస్తుంది.

పారే ఆయిల్‌ను పట్టుకోవాలంటే ఆయిల్ ఫిల్టర్‌కూ ఇంజిన్‌కూ మధ్య శాండ్‌విచ్ ప్లేటు పెట్టడం మేలు. ఇది చక్రంలాంటి అల్యూమినియం దిమ్మె. పక్కల సెండర్ల కోసం రంధ్రాలుంటాయి. ఫిల్టర్ విప్పి, దీన్ని కూర్చోబెట్టి, మధ్య బోల్టు బిగించి, దానికి మళ్లీ ఫిల్టర్ ఎక్కించాలి. ఫిల్టర్ థ్రెడ్ 20 మిల్లీమీటర్లదా, ముప్పావు అంగుళం రకమా అన్నది ముందే చూసుకుని ప్లేటు కొనాలి. ఫిల్టర్ సుమారు ఒక అంగుళం కిందికి దిగుతుంది కాబట్టి నేలకు ఎంత ఎత్తు మిగులుతుందో కూడా చూడాలి. కొత్త ఇంజిన్లలో కొన్నింటికి బయటి డబ్బా ఫిల్టర్ లేకుండా లోపల కాగితపు ఫిల్టర్ మాత్రమే ఉంటుంది. వాటికి ఈ ప్లేటు పట్టదు, డ్రెయిన్ నట్టే గతి.

ఈ పనిలో చేతివేళ్లతో తడిమి చూడాల్సిన సంగతి ఒకటుంది. పాత ఫిల్టర్ విప్పినప్పుడు దాని రబ్బరు రింగు ఒక్కోసారి ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోతుంది. నల్లటి ఆయిల్ మసిలో కంటికి ఆనదు. దాని మీద ప్లేటు రింగు కూర్చుంటే బయటికి అంతా బిగిసినట్టే ఉంటుంది. ఇంజిన్ స్టార్ట్ చేసి ఒత్తిడి పెరగగానే రెండు రింగుల మధ్యనుంచి ఆయిల్ చిమ్ముతుంది. నిమిషాల్లో చాంబర్ ఖాళీ. కాబట్టి పాత రింగు చేతికొచ్చిందని చూసుకున్నాకే, కొత్త రింగుకు ఆయిల్ రాసి, ప్లేటు ఎక్కించాలి.

సెండర్ థ్రెడ్‌లోనూ ఒక ఉచ్చు ఉంది. దిగుమతి సెండర్లలో చాలావాటికి ఎనిమిదో వంతు అంగుళం అమెరికన్ పైపు థ్రెడ్ ఉంటుంది, అంగుళానికి 27 పళ్లు. మన ప్లంబింగ్ దుకాణాల్లో, లేత్ షాపుల్లో దొరికే బ్రిటిష్ థ్రెడ్ అదే సైజులో అంగుళానికి 28. రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతుంది, తర్వాత బిగుస్తుంది. టైటుగా ఉందిలే అని స్పానర్‌తో తిప్పితే అల్యూమినియం పళ్లు చెరిగిపోయి లీకు మొదలవుతుంది. పుదుపేటలో ఏ అడాప్టరైనా దొరుకుతుంది, అడగాల్సింది ఈ పళ్ల లెక్క.

సెండర్ లోపల ఉండేది థర్మిస్టర్. 1833లో మైకేల్ ఫారడే సిల్వర్ సల్ఫైడ్‌ను వేడిచేసినప్పుడు ఒక వింత గమనించాడు. లోహాలన్నీ వేడెక్కితే విద్యుత్తుకు ఎక్కువ అడ్డుపడతాయి, ఇది మాత్రం అడ్డు తగ్గించుకుంది. సెండర్‌లో ఉన్నది ఆ జాతి పదార్థమే. వాడుకలో ఉన్న ఒక రకం సెండర్ 50 డిగ్రీల దగ్గర సుమారు 320 ఓంలు చూపిస్తే, 150 దగ్గర 20 ఓంల లోపు చూపిస్తుంది. డయల్ ఈ ఓంలను చదివి డిగ్రీలుగా చెబుతుంది.

వైరింగ్ పెద్ద కష్టం కాదు. ఇగ్నిషన్ ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే తీగ నుంచి చిన్న ఫ్యూజుతో ఒక లైను, పార్కింగ్ లైటు నుంచి డయల్ వెలుగుకు ఒక లైను, బాడీకి ఎర్త్, సెండర్ నుంచి సిగ్నల్ వైరు. ఈ చివరిది ఇంజిన్ గదిలోంచి లోపలికి వచ్చేచోట రబ్బరు గ్రోమెట్ గుండానే రావాలి, సైలెన్సర్ మానిఫోల్డ్‌కు దూరంగా నడవాలి.

ఒక్క వైరు సెండర్‌కు తిరుగుదారి ఇంజిన్ లోహమే. సెండర్ పళ్ల నుంచి ప్లేటుకు, ప్లేటు నుంచి ఇంజిన్‌కు, ఇంజిన్ నుంచి బాడీకి కరెంటు వెళ్లాలి. ఈ దారిలో ఎక్కడ అడ్డు పెరిగినా డయల్ దాన్ని సెండర్ ఓంలతో కలిపేసి చదువుతుంది. ఓంలు పెరగడమంటే దాని లెక్కలో ఆయిల్ చల్లగా ఉండటం. పైన చెప్పిన సెండర్ 130 డిగ్రీల దగ్గర సుమారు 29 ఓంలు ఉంటుంది. ఎర్త్‌లో ఎనిమిది ఓంల అడ్డు చేరితే మొత్తం 37. డయల్ 120 చూపిస్తుంది. ఇరవై చేరితే 110 చూపిస్తుంది. ఆయిల్ ప్రమాదం అంచున ఉంటే ముల్లు అంతా సవ్యమేనంటుంది. 60 డిగ్రీల దగ్గర సెండరే రెండు వందల ఓంల పైన ఉంటుంది కాబట్టి ఆ ఎనిమిది ఓంలకు ఒక డిగ్రీ తేడా కూడా రాదు. ఉదయం చల్లని ఇంజిన్ మీద చూసుకుని గేజ్ బాగుందని నమ్మేస్తాం. వేడి పెరిగేకొద్దీ, అంటే గేజ్ అవసరమయ్యేకొద్దీ, అబద్ధం పెద్దదవుతుంది.

ఆ అడ్డు ఎక్కడినుంచి వస్తుంది? లీకు కాకూడదని సెండర్ పళ్లకు దండిగా చుట్టే టెఫ్లాన్ టేపు కరెంటును కూడా ఆపుతుంది. లోహపు రేణువులున్న సీలెంటు రాయడం మంచిది. తప్పక టేపే వాడితే కొన పళ్లు వదిలి ఒక్క చుట్టు చాలు. రెండోది చెన్నై గాలి. బీసెంట్ నగర్‌లోనో తిరువాన్మియూర్‌లోనో సముద్రానికి రెండు వీధుల దూరంలో నిలిపే కారుకు ఉప్పుగాలి రాత్రింబవళ్లు తగులుతుంది. మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టిన జాయింటు ఒక్క వానాకాలం గడిచేసరికి లోపల పచ్చగా చిలుము పడుతుంది. రింగు టెర్మినల్‌ను గట్టిగా క్రింప్ చేసి, వేడికి ముడుచుకునే స్లీవ్ తొడిగి, బాడీ పెయింటు గీకిన చోట బోల్టు బిగించి, పైన గ్రీజు రాస్తే ఏళ్ల తరబడి నిలుస్తుంది. డబ్బు పెట్టగలిగితే సెండర్‌కే రెండు వైర్లుండే డిజిటల్ గేజ్ కొనడం ఇంకా మంచిది. తిరుగుదారి కూడా వైరులోనే ఉంటుంది కాబట్టి ఇంజిన్ లోహంతో పని లేదు.

బిగించే ముందు సెండర్‌ను ఇంట్లోనే పరీక్షించవచ్చు. స్టీలు గిన్నెలో నీళ్లు తెర్లనిచ్చి, దారంతో సెండర్‌ను వేలాడదీసి, అడుగు తగలకుండా ముంచి, మల్టీమీటర్‌తో ఓంలు చూడాలి. సముద్ర మట్టానికి దగ్గరున్న చెన్నైలో నీరు సరిగ్గా 100 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఇదే పరీక్ష 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాదులో చేస్తే 98 డిగ్రీలని లెక్క వేసుకోవాలి. ఊటీలో అయితే 93కు కూడా చేరదు. మనం చెప్పుకున్న రకం సెండర్ 100 దగ్గర అరవైకి కాస్త పైన ఓంలు చూపించాలి. సెండర్‌తో వచ్చే కాగితంలో దాని అసలు పట్టిక ఉంటుంది.

ఈ గిన్నె పరీక్ష సెండర్ మంచిదని మాత్రమే చెబుతుంది. ఎర్త్ సంగతి కారులోనే చూడాలి. ఆయిల్ వేడెక్కేదాకా నడిపి వచ్చాక ఇంజిన్ ఆపి, సెండర్ వైరు ఊడదీయాలి. మల్టీమీటర్ ఒక కొనను సెండర్ పిన్నుకు, రెండో కొనను డయల్ ఎర్త్ బిగించిన బోల్టుకు ఆనించి ఓంలు చదవాలి. వెంటనే రెండో కొనను సెండర్ ఇత్తడి ఒంటికే ఆనించి మళ్లీ చదవాలి. రెండు అంకెలూ ఒకటే అయితే దారి శుభ్రంగా ఉన్నట్టు. మొదటిది ఎక్కువగా ఉంటే ఆ తేడా మొత్తం ఎర్త్‌లోని అడ్డే. తర్వాత ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరికే 30 ఓంల రెసిస్టర్‌ను ఆ ఊడదీసిన వైరుకూ ఎర్త్ బోల్టుకూ మధ్య పెట్టి ఇగ్నిషన్ ఆన్ చేస్తే ముల్లు 130కు ఒక గీత ఇటుగా ఆగాలి. వానాకాలం వెళ్లాక ఏటా ఒకసారి, డిసెంబరు చివర్లోనో పొంగల్ సెలవుల్లోనో, ఈ రెండు పరీక్షలూ చేసి, తేడా ఉంటే బోల్టు విప్పి ఉప్పుకాగితంతో రుద్ది మళ్లీ బిగించుకోవాలి.